సామరస్యాన్ని కొలిచే పరీక్ష: తక్కెడలో పాసంగం లేదని తేల్చేదెలా?

దక్షిణాఫ్రికా 1998లో తెచ్చిన ఉద్యోగ సమానత్వ చట్టంలో ఎనిమిదో సెక్షన్ చాలా చిన్నది. ఉద్యోగులకు మనోవైజ్ఞానిక పరీక్షలు పెట్టడాన్ని అది ముందుగా నిషేధిస్తుంది, ఆ తరువాతే మినహాయింపు ఇస్తుంది. పరీక్ష తాను కొలుస్తానన్న దానినే కొలుస్తోందని, నిలకడగా కొలుస్తోందని శాస్త్రీయంగా రుజువు కావాలి. ఉద్యోగులందరికీ న్యాయంగా వర్తింపజేయదగినదై ఉండాలి. ఏ వ్యక్తి పట్ల గానీ, ఏ వర్గం పట్ల గానీ పక్షపాతం చూపరాదు. ఆ పక్కనే ఉన్న తొమ్మిదో సెక్షన్ ఇదే రక్షణను ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నవారికి కూడా విస్తరించింది. సాధారణంగా యోగ్యత నిరూపించుకోవలసింది పరీక్ష రాసేవారు. ఇక్కడ ఆ భారం పరీక్ష మీద పడింది.

ఇంత కఠినమైన నిబంధన ఊరికే రాలేదు. వర్ణవివక్ష పాలనలో ఏ పని ఎవరు చేయాలో చర్మపు రంగే నిర్ణయించేది. మానసిక పరీక్షలు చాలావరకు శ్వేతజాతీయుల జవాబులను ప్రమాణంగా పెట్టుకొని తయారైనవి. 1994 తరువాత అదే ప్రశ్నపత్రం జులూ, ఖోసా, సోథో మాట్లాడే యువత ముందుకు వచ్చింది. కాగితం ఒకటే కాబట్టి న్యాయం కూడా ఒకటేనని పైకి అనిపిస్తుంది. కానీ పరిశోధకులు జవాబులను పరిశీలించినప్పుడు వేరే చిత్రం కనిపించింది. రేమండ్ కాటెల్ రూపొందించిన ప్రసిద్ధ పదహారు అంశాల ప్రశ్నావళిపై 1999లో వెలువడిన ఒక అధ్యయనం, ఇంగ్లిషు మాతృభాష కాని వారిలో పలువురికి అందులోని పదాలే సరిగా అర్థం కావడం లేదని చూపింది. అలాంటప్పుడు వచ్చిన మార్కు వ్యక్తిత్వానిదా, ఇంగ్లిషు పరిచయానిదా అన్నది విడదీయలేని చిక్కు.

ఆ దేశ పోలీసు శాఖలో చేరగోరిన 13,681 మంది అభ్యర్థుల జవాబులతో 2005లో మరో పెద్ద పరిశీలన జరిగింది. డియాన్ మైరింగ్, ఫాన్స్ వాన్ డె వైవర్, ఇయాన్ రోత్‌మన్ ప్రభృతులు అభ్యర్థులను పన్నెండు సాంస్కృతిక వర్గాలుగా విభజించి చూశారు. పదిహేను అంశాల వ్యక్తిత్వ ప్రశ్నావళిలో ఒకే లక్షణాన్ని కొలవవలసిన ప్రశ్నలు కొన్ని వర్గాల్లో ఒకదానితో ఒకటి పొత్తు కుదరక విడివడ్డాయి. కష్టమైన పదాలను తీసి తేలిక పదాలు పెడితే సరిపోతుందేమోనని ఆ ప్రయత్నమూ చేశారు. పెద్దగా మెరుగుదల కనిపించలేదు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. లోపం పదాల్లో మాత్రమే ఉంటే పదాలు మార్చగానే పోయేది. అది పోలేదంటే, ఏ లక్షణాలను కొలవాలో నిర్ణయించిన తీరులోనే ఏదో వెలితి ఉందన్న అనుమానం బలపడింది.

ఆ తీరు ఎక్కడిదో తెలుసుకోవాలంటే 1936కు వెళ్లాలి. గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అనే అమెరికన్ పండితులు వెబ్‌స్టర్ ఇంగ్లిషు నిఘంటువును జల్లెడ పట్టి, మనుషుల తీరును చెప్పే 17,953 పదాలను ఏరారు. ముఖ్యమైన మానవ లక్షణం ఏదైనా భాషలో పదమై నిలిచే ఉంటుందన్నది వారి నమ్మకం. ఆ పదాల పట్టికను తరువాతి తరాల పరిశోధకులు కుదించుకుంటూ పోగా, చివరకు ‘పంచ లక్షణాలు’ అనే నమూనా స్థిరపడింది. బహిర్ముఖత, సౌమ్యత, కర్తవ్యనిష్ఠ, భావోద్వేగ స్థిరత్వం, కొత్తదనం పట్ల సుముఖత అనేవి ఆ ఐదు. ఈ నమూనాను తోసిపుచ్చడానికి లేదు. అనేక దేశాల్లో, అనేక భాషల్లో అది నిలబడింది. అయితే అన్నిచోట్లా నిలబడలేదు. బొలీవియా అడవుల్లో వేట, పోడు వ్యవసాయంతో జీవించే సిమానే తెగవారిలో 632 మందిని పరిశీలించినప్పుడు ఐదు లక్షణాలు విడివిడిగా తేలలేదు. నలుగురికీ మేలు చేసే గుణం, కష్టపడే గుణం అనే రెండే ప్రస్ఫుటంగా కనిపించాయి. 2013లో ఈ ఫలితం వెలువడింది.

నిఘంటువు పద్ధతిలో మరో ఇబ్బంది ఉంది. ఇంగ్లిషులో వ్యక్తి గుణాన్ని ఒక విశేషణంతో చెప్పేయడం పరిపాటి. చాలా సమాజాల్లో గుణం పనిలో కనిపిస్తుంది గానీ పదంలో కాదు. ఎవరైనా ఎలాంటివారని అడిగితే, పొరుగింట్లో చావు జరిగితే ముందుగా వెళ్లి నిలబడతారని చెబుతారు. తగవు పడిన అన్నదమ్ములను కూర్చోబెట్టి మాట్లాడతారని చెబుతారు. ఈ వాక్యాలు నిఘంటువు వెతికేవారి చేతికి చిక్కవు.

పదకొండు భాషల్లో ఒకే ప్రశ్న

అందుకే దక్షిణాఫ్రికా వ్యక్తిత్వ శోధిక బృందం నిఘంటువును పక్కన పెట్టి మనుషులనే అడిగింది. దేశంలోని పదకొండు అధికార భాషలకు చెందిన 1,216 మందితో ముఖాముఖి మాట్లాడి, తమ గురించీ తమకు తెలిసిన వారి గురించీ వర్ణించమన్నారు. మనుషుల తీరును చెప్పే 50,000కు పైగా వర్ణనలు పోగయ్యాయి. వాటిని అర్థాన్ని బట్టి 37 ఉపవర్గాలుగా, ఆపై తొమ్మిది పెద్ద వర్గాలుగా కూర్చారు. అల్విన్ నెల్ ప్రభృతుల పేరిట 2012లో వెలువడిన ఆ పత్రంలో కర్తవ్యనిష్ఠ, బహిర్ముఖత వంటి పరిచిత పేర్లు ఉన్నాయి. వాటి పక్కనే బంధ సామరస్యం, మెత్తని మనసు, ఇతరులకు దారి చూపి తోడ్పడటం, నిజాయితీ అనేవి వేర్వేరు వర్గాలుగా నిలిచాయి. పాశ్చాత్య నమూనాలో ఇంచుమించు ‘సౌమ్యత’ అనే ఒక్క గదిలో సర్దుకునే సంగతులు ఇక్కడ ఇల్లంతా పరచుకున్నాయి.

ఈ ఫలితాన్ని చూసి ఆఫ్రికన్లు సామరస్యప్రియులు, శ్వేతజాతీయులు వ్యక్తివాదులు అని తీర్మానించడం తేలిక. ‘ఉబుంటు’ అనే మాట ప్రపంచమంతా పాకిన తరువాత ఆ తీర్మానం మరీ తేలికైంది. మనిషి తోటి మనుషుల వల్లనే మనిషి అవుతాడన్నది ఆ భావన సారం. కానీ సాక్ష్యం అంత సూటిగా లేదు. బంధాలకు సంబంధించిన వర్ణనలు ఇంగ్లిషు, ఆఫ్రికాన్స్ మాట్లాడేవారి నుంచి కూడా వచ్చాయి. తేడా ఉన్నది మోతాదులోను, చెప్పే తీరులోను. బంటూ భాషల వారు ఎవరితో, ఏ సందర్భంలో, ఏం చేస్తారన్నది ఎక్కువగా చెప్పారు. శ్వేతజాతీయులు సందర్భం వదిలేసి గుణాన్ని నేరుగా పేర్కొన్నారు. పరీక్ష రూపకర్తలకు ఇది ఊరట కలిగించే సంగతే. ఒక వర్గానికే పరిమితమైన గుణమైతే అందరికీ ఒకే పరీక్ష పెట్టడం అసాధ్యం. అందరిలో ఉండి, పాత పరీక్షల్లో లెక్కకు రాని గుణమైతే పరీక్షను విస్తరించవచ్చు.

మూడు చోట్ల పొంచి ఉండే పక్షపాతం

గుణం ఉందని తెలియడం ఒకటి, దాన్ని న్యాయంగా కొలవడం మరొకటి. ఈ రంగంలో పక్షపాతాన్ని మూడు చోట్ల వెతుకుతారు. మొదటిది భావనలోనే ఉంటుంది. ఒక సమాజంలో సామరస్యమంటే మనసులో ఉన్నది మృదువుగా చెప్పడం కావచ్చు, మరోచోట అసలు చెప్పకుండా ఊరుకోవడం కావచ్చు. రెండోది పద్ధతిలో ఉంటుంది. కంప్యూటర్ ముందు కూర్చోవడం అలవాటు లేనివారు, పెద్దవారు అడిగితే అవునని తలూపడం మర్యాదగా ఎంచేవారు, ఐదంకెల కొలబద్దపై చివరి అంకెను గుర్తించడానికి వెనుకాడేవారు ఒకే మనస్తత్వం ఉన్నా వేర్వేరు మార్కులు తెచ్చుకుంటారు. మూడోది విడి ప్రశ్నలో ఉంటుంది. అనువాదంలో జారిన ఒక్క మాట చాలు.

మూడోదాన్ని పట్టుకోవడమే కొంత సులువు. దక్షిణాఫ్రికా బృందం మొదటి నుంచీ అనువదించడానికి వీలైన ప్రశ్నలనే ఎంచుకుంటూ వెళ్లింది. నుడికారాలు, మెలిక పడిన వ్యతిరేక వాక్యాలు ఉన్న ప్రశ్న ఒక భాష నుంచి మరో భాషకు చెక్కుచెదరకుండా వెళ్లడం కష్టం. వడపోత ముగిసేసరికి 146 ప్రశ్నలు మిగిలాయి.

వాటిని 671 మంది నల్లజాతీయులు, 198 మంది మిశ్రమ వంశీయులు, 104 మంది భారత సంతతివారు, 391 మంది శ్వేతజాతీయులు పూరించారు. వారిలో విద్యార్థులూ, సాధారణ వయోజనులూ ఉన్నారు. వెలిస్లావ్ ఫెత్వాజియెవ్ ముఖ్య రచయితగా 2015లో వచ్చిన పత్రం ఆ ఫలితాలను వివరించింది. ఏ ప్రశ్నల జవాబులు కలిసి నడుస్తున్నాయో కారక విశ్లేషణతో చూడగా ఆరు లక్షణాలు తేలాయి. నాలుగు పరిచితమైనవే: భావోద్వేగ అస్థిరత, బహిర్ముఖత, కర్తవ్యనిష్ఠ, సుముఖత. మిగిలిన రెండూ బంధాలకు సంబంధించినవి. ఒకటి అనుకూలమైనది, ఇతరుల బాధ ఎరగడం, కలుపుగోలుతనం, తోడ్పాటు, నిజాయితీ అందులో ఉన్నాయి. రెండోది ప్రతికూలమైనది, అహంకారం, కయ్యానికి కాలు దువ్వడం, మోసం, శత్రుభావం దానిలో చేరాయి.

ఈ చీలిక ఆలోచించదగినది. సామరస్యం, కలహశీలం ఒకే కొలబద్దకు రెండు కొసలని సామాన్యంగా అనుకుంటారు. జవాబులు అలా ఒదగలేదు. నలుగురికీ ముందుండి సాయపడుతూనే మాట పడని మనిషి ఉంటారు. ఎవరి జోలికీ పోకుండా, ఎవరి ఆపదకూ కదలని మనిషీ ఉంటారు. కలహం లేకపోవడాన్నే సామరస్యంగా లెక్కగట్టే పరీక్ష రెండో మనిషికి ఎక్కువ మార్కులు వేస్తుంది. పోలీసు స్టేషన్‌లోనో, ఆసుపత్రి వార్డులోనో నియమించుకునేటప్పుడు ఆ పొరపాటు ఖరీదైనది. అయితే మంచి మాటలతో రాసిన ప్రశ్నలు ఒక గుంపుగా, చెడ్డ మాటలతో రాసినవి మరో గుంపుగా చేరడం ప్రశ్నావళుల్లో తరచూ కనిపించే చపలత్వమే. కాబట్టి ఈ రెండింటినీ విడి గుణాలుగా ఒప్పుకోవడానికి ముందు కొంత జాగ్రత్త అవసరం.

ఆరు లక్షణాల అమరిక నాలుగు వర్గాల్లోనూ సరిపోలింది. 139 మంది నల్లజాతి, 270 మంది శ్వేతజాతి విద్యార్థులున్న వేరొక బృందంలో మళ్లీ చూసినప్పుడు కూడా అదే అమరిక వచ్చింది. ఇది సప్రమాణతకు మొదటి మెట్టు మాత్రమే. పాతకాలపు తక్కెడను తలచుకుంటే రెండో మెట్టు తెలుస్తుంది. రెండు దుకాణాల్లోని తక్కెళ్లు ఒకే తీరున తయారైనవే కావచ్చు. ఒకదానిలో పాసంగం ఉంటే, అంటే సరుకు వేయకముందే ఒక తట్ట కొంచెం దిగి ఉంటే, ఆ దుకాణంలోని సరుకుల్లో ఏది బరువో, ఏది తేలికో చెప్పడానికి ఇబ్బంది లేదు. ఈ దుకాణపు తూకాన్ని ఆ దుకాణపు తూకంతో పోల్చకూడదు. పరీక్షలోనూ అంతే. లక్షణాల అమరిక ఒకటే అయినంత మాత్రాన ఒక వర్గం సగటును మరో వర్గం సగటుతో పోల్చే హక్కు రాదు. రెండు వర్గాల్లో ఒకే స్థాయి గుణం ఉన్న ఇద్దరు ఒక్కో ప్రశ్నకు ఒకే రకంగా స్పందిస్తున్నారని విడిగా చూపాలి. ఉద్యోగ ఎంపికలో అందరికీ ఒకే కటాఫ్ పెట్టాలంటే ఈ రుజువు తప్పనిసరి.

సామరస్యం విషయంలో ఇంకో మెలిక ఉంది. తనను తాను కొలుచుకునే మనిషి చుట్టుపక్కల వారితో పోల్చుకుంటాడు. అందరూ ఎంతో సర్దుకుపోయే ఊరిలో ఓ మోస్తరుగా సర్దుకుపోయే మనిషి, తాను పెద్దగా సర్దుకుపోనని రాస్తాడు. ఎవరి గొడవ వారిదైన నగరంలో అదే మనిషి తనకు మంచి మార్కు వేసుకుంటాడు. స్టీవెన్ హైనె ప్రభృతులు 2002లో ఈ ప్రభావాన్ని వివరించారు. సామరస్యానికి విలువిచ్చే సమాజాలే సామరస్య పరీక్షలో అంత గొప్పగా కనిపించకపోవడానికి ఇదొక కారణం.

మంచి పేరు కోసం రాసిన జవాబు

కోపం వస్తుందా అని అడిగితే కొందరైనా అవునంటారు. ఇరుగుపొరుగుతో సఖ్యంగా ఉంటారా అని అడిగితే కాదనేవారు అరుదు. ఉద్యోగం కోసం రాసే పరీక్షలో ఇంకా అరుదు. అందువల్ల సామరస్య పరీక్షను అందరికన్నా ముందు వెంటాడే ప్రశ్న, అది సామరస్యాన్ని కొలుస్తోందా, లేక మంచి పేరు కోసం తాపత్రయాన్ని కొలుస్తోందా అన్నది. 2015 అధ్యయనం దీన్ని రెండుగా విడదీసి చూసింది. శోధిక మార్కులకు ఇతరుల వద్ద మంచి అనిపించుకునే ధోరణితో గట్టి సంబంధమే కనిపించింది. అబద్ధం చెప్పే ధోరణితో ఉన్న సంబంధం అంతకంటే తక్కువ. బంధాలే ప్రధానమైన చోట ఎదుటివారి మన్నన కోరుకోవడం కల్ల కాదు, ఆ గుణంలోనే ఒక భాగమని వాదించే వీలు ఇక్కడ దొరుకుతుంది. ఆ వాదనలో పస ఉంది. కానీ అది పరీక్షకు చాలా అనుకూలమైన వాదన కూడా. నియామకాధికారి అంతటితో తృప్తి పడకూడదు. మార్కు ఎక్కువ వచ్చినవారు పనిలో నిజంగా తోటివారితో మెరుగ్గా మెలుగుతున్నారా అన్నది పర్యవేక్షకుల, సహోద్యోగుల అంచనాలతో సరిపోల్చి చూడాలి.

కొత్త లక్షణాలు పాత ఐదింటికి మారుపేర్లేనా అన్న సందేహానికి మాత్రం అంకెల్లో జవాబు ఉంది. పంచ లక్షణాలన్నీ కలిపి చూసినా అనుకూల బంధ లక్షణంతో సహసంబంధం 0.64, ప్రతికూల లక్షణంతో 0.51. వీటిని వర్గం చేస్తే మొదటిదానిలో సుమారు 41 శాతం, రెండోదానిలో 26 శాతం తేడాలను మాత్రమే పాత నమూనా వివరించగలుగుతోంది. మిగిలినదంతా కొత్త గుణమేనని సంబరపడనక్కరలేదు. ఏ ప్రశ్నావళిలోనైనా కొలతలోని పొరపాటు కొంత ఉండి తీరుతుంది. ఆ మేరకు తీసివేసినా, పాత పరీక్షకు అందనిది ఎంతో కొంత ఉందన్నది నిలుస్తుంది.

హాంకాంగ్‌లో ఫానీ చెయుంగ్ బృందం అంతకుముందే ఇలాంటి దారిలో నడిచింది. 1996లో వారు ప్రకటించిన చైనీయుల వ్యక్తిత్వ శోధికలో సామరస్యం, పరువు, ‘రెన్ చింగ్’ అనే ఇచ్చిపుచ్చుకునే మర్యాద వంటివి కలిసి పరస్పర సంబంధశీలత అనే లక్షణంగా తేలాయి. పంచ లక్షణాల ప్రశ్నలతో కలిపి విశ్లేషించినప్పుడు అది వాటిలో కలవకుండా విడిగా నిలిచింది. అది చైనీయులకే ప్రత్యేకం కావచ్చునని మొదట భావించారు. ఇతర దేశాల వారిలోనూ అది కనిపించడంతో, పొట్టి పేరులోని మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, పూర్తి పేరులో ‘చైనీస్’ బదులు ‘క్రాస్-కల్చరల్’ అని మార్చారు. ఒక సమాజంలో వెతికితే దొరికిన గుణం ఆ సమాజానికే సొంతం కానవసరం లేదనడానికి ఇది మంచి నిదర్శనం.

దక్షిణాఫ్రికా అధ్యయనంలోని 104 మంది భారత సంతతివారు ఎవరన్నది తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి. 1860 నుంచి మద్రాసు, కలకత్తా రేవుల మీదుగా నటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల వారసులు ఆ దేశపు భారతీయుల్లో అధికం. వారిలో తెలుగువారూ ఉన్నారు. 1931లో అక్కడ ఏర్పడిన ఆంధ్ర మహాసభ నేటికీ ఉంది. పరీక్షలో వారందరూ ‘భారతీయులు’ అనే ఒక్క పెట్టెలోకి వస్తారు. తెలుగు, తమిళం, భోజ్‌పురి, గుజరాతీ మూలాల మధ్య భేదాలను అంత చిన్న నమూనా చూపలేదు.

ఇలాంటి శోధికను తెలుగులో తయారు చేయబూనితే మొదట అడ్డు తగిలే మాట ‘మొహమాటం’. అది సిగ్గు కాదు, భయం కాదు, వినయం కూడా కాదు. అప్పు అడిగిన బంధువుకు లేదనలేకపోవడం, ఆకలి వేస్తున్నా రెండోసారి వడ్డించుకోకపోవడం, నచ్చని సంబంధానికి ఆలోచించి చెబుతామనడం, మూడూ మొహమాటమే. ఎవరైనా ఏదైనా అడిగితే కాదనలేనన్న వాక్యానికి పాశ్చాత్య ప్రశ్నావళి సౌమ్యత కింద మార్కు వేయవచ్చు, లేదా గట్టిగా నిలబడలేని బలహీనతగా తగ్గించవచ్చు. తెలుగు ఇంట్లో అది రెండూ కావచ్చు, సందర్భాన్ని బట్టి ఏదీ కాకపోవచ్చు. అల్లుడి మొహమాటం మర్యాద, బ్యాంకు మేనేజరు మొహమాటం సంస్థకు నష్టం. ఈ తేడా ఇంగ్లిషు ప్రశ్నలను తెలుగులోకి దించి, తిరిగి ఇంగ్లిషులోకి మార్చి సరిచూసుకున్నంత మాత్రాన బయటపడదు. మనుషులను వారి భాషలో అడిగి, సందర్భాలతో సహా రాసుకోవడం నుంచే పని మొదలు కావాలి.

దక్షిణాఫ్రికాలో చట్టం పోరు కూడా నడిచింది. పరీక్షలకు ఆరోగ్య వృత్తుల మండలి ధ్రువీకరణ ఉండాలంటూ ఎనిమిదో సెక్షన్‌కు చేర్చిన నాలుగో షరతు 2014లో అమలులోకి వచ్చింది. పరీక్షల ప్రచురణకర్తలు కోర్టుకు వెళ్లారు. ఆ షరతును అమలులోకి తెచ్చిన ప్రకటన చెల్లదని 2017లో ప్రిటోరియా హైకోర్టు తేల్చింది. మొదటి మూడు షరతులు యథాతథంగా ఉన్నాయి. అంటే ఒకసారి ముద్ర వేయించుకుని నిశ్చింతగా ఉండే వీలు లేదు. పరీక్షను ఏ ఉద్యోగానికి, ఏ వర్గాల మధ్య వాడుతున్నారో అక్కడి ఆధారం చూపించగలగాలి. 2023 జులైలో ఆ దేశం సంజ్ఞా భాషను పన్నెండో అధికార భాషగా గుర్తించింది. పదకొండు భాషల్లో జరిగిన ఆ ఇంటర్వ్యూల్లో బధిరుల భాష లేదు.